వెనక గేటు సంగతి చెప్పిందెవరు

మీరే చేశారు ఇది. నవ్వే గొంతుల్ని ఏరి ఏరి జీతాలిచ్చి, అప్పుల వసూలుకి ఫోన్ల ముందు కూర్చోబెట్టింది మీరే. అరిస్తే పోలీసులొస్తారని, చెయ్యి చేసుకుంటే కేసవుతుందని, మర్యాదనే కర్రలా చెక్కి మనుషుల చేతికిచ్చింది మీరే. అన్న పెట్టిన సంతకానికి చెల్లెలి కూడు లాగేసే దారి కనిపెట్టింది మీరే. షాపు ముందు గొడవ వద్దు నాయనా అంటూ, గొడవ చేసినవాణ్ణి వదిలేసి ఆ గొడవ ఎవరి మీదికొచ్చిందో ఆ మనిషిని ఇంటికి పంపేసే ఓనర్లూ, మీరూ ఉన్నారు ఇందులో. పక్కకి తప్పుకోకండి. చేసిందంతా మీరు. ఇప్పుడు ఈ కళ్ళద్దాల షాపులో, కౌంటరు వెనక, ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయి నిలబడింది మాత్రం, అందరూ తేనెసీసా అని పిలిచే కుర్రాడు.

ఎడం చేయి. లోపల అద్దాలు చేసే అమ్మాయి ఎడం చేత్తో పనిచేస్తుందని ఫోను చేసిన ఆవిడకెలా తెలిసింది. తేనెసీసా మనసు అక్కడ తగులుకుని అక్కడే గిరగిరా తిరుగుతోంది. అద్దాలు అరగదీసే గది షాపు వెనకాల ఉంది, దాని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, లోపల రాయి చక్రం తిరుగుతుంటుంది, దాని మీద నీళ్ళు కారుతుంటాయి, ఆ గదిలోకి ఇంతవరకూ ఒక్క కస్టమరు తొంగి చూసిన పాపాన పోలేదు. అయినా ఫోనులో ఆ గొంతు ఎంత సులువుగా అడిగింది. "మా అమ్మకి అద్దాలు చేయించాలండీ, మీ షాపులో పని బాగుంటుందన్నారు." "ఎవరన్నారో గానీ నిజమే అన్నారండీ, మీ గొంతే ఇంత బాగుంటే మీ అమ్మగారి కళ్ళు ఎలా ఉంటాయో" అని తనే, అడగకుండానే, అలవాటు కొద్దీ, ఈగ బెల్లం మీద వాలినట్టు. ఆవిడ నవ్వింది. భలే నవ్వు, గొంతులోంచి కాదు, ఎక్కడో భుజాల్లోంచి వచ్చినట్టు. "మీరు భలేవారే. అద్దాలు చేసేది ఆ ఎడం చేతివాటం అమ్మాయే కదూ. ఆవిడే చెయ్యాలి మాకు." అప్పుడు ఆగాలి కదా. ఆగలేదు. ఆమె గురించి ఎవరో మంచిగా అన్నారు, అంతే, ఛాతీ పొంగిపోయింది. "ఆమేనండీ. ఆమె చేతిలో పడితే గాజు కూడా చెప్పిన మాట వింటుంది." "ఇవాళ ఉన్నారా?" "షాపు మూసేదాకా ఉంటుంది." "మూశాక వస్తే?" "మూశాక వెనక గేటు నుంచి వెళ్ళిపోతుందండీ, మీరు ముందే రండి, నేనే దగ్గరుండి చూసుకుంటా." మళ్ళీ ఆ నవ్వు. ఆ తర్వాత ఫోను మూగబోయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా.

తేనెసీసా అన్న పేరు క్యాషు దగ్గర కూర్చునే అక్క పెట్టింది. ఎవరికి అంటుకుంటే వాళ్ళని ఓ పట్టాన వదలడని. అతని పనే అలాంటిది మరి. కొత్త అద్దాలకి వచ్చినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు దూలం మీద చిన్న స్కేలు ఆనించి, నా ఎడమ కంట్లోకి చూడండి, ఇప్పుడు కుడి కంట్లోకి, అంటూ కనుపాపల మధ్య దూరం కొలవాలి. ముఖానికీ ముఖానికీ మధ్య జానెడు జాగా. జీతమిచ్చి మరీ కళ్ళలోకి చూడమంటే ఎవడు మాత్రం ఊరుకుంటాడు. పెళ్ళైనవాళ్ళకి ఒక రకం, కానివాళ్ళకి ఒక రకం, ముసలమ్మలకి ఇంకా మంచి రకం, మీకు అద్దాలెందుకండీ, మిమ్మల్ని చూడ్డానికి మాకు కావాలి గానీ, అంటే బోసినోళ్ళు విచ్చుకునేవి. ఏ పాపమూ లేదు అందులో, అనుకునేవాడు. అందరికీ కాస్త పంచి ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం వెనక గది తలుపు తెరుచుకుంది, తడి ఆప్రాను కట్టుకుని ఆమె నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చింది, పగిలిన అద్దం ఒకటి అతని ముందు పెట్టింది. "కొలిచేటప్పుడు నవ్వించావా ఆ అమ్మాయిని?" అంది. "కొంచెం." "నవ్వితే కళ్ళు కదులుతాయి. తప్పు కొలత రాసిచ్చావు. తప్పు అద్దం చేశాను. సరిచెయ్యబోతే పగిలింది. కొలిచేటప్పుడు నోరు మూసుకో." అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. క్యాషు అక్క పడీ పడీ నవ్వింది. "సీసాకి బిరడా దొరికిందర్రా." ఆ రోజు ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టలేదు, అంతవరకూ ఎవరూ అతన్ని నోరు మూసుకోమనలేదు, నోరు మూసుకుంటే లోపల ఏముందో అతనికే తెలియదు.

"బాబూ, కాలుతోంది." ఎదురుగా కూర్చున్న పెద్దాయన మాటతో ఉలిక్కిపడ్డాడు. ఫోను ఎప్పుడు పెట్టాడో, ఫ్రేములో చెవి మీద ఆనే కొమ్ము వంచడానికి వేడి గాలి కింద పట్టుకుని అలాగే మరిచిపోయాడు, ప్లాస్టిక్ మెత్తబడి కొస సాగిపోతోంది. "అయ్యో, క్షమించండి, కొత్త కొమ్ము వేస్తాను, నా ఖర్చే." "తొందరేం లేదులే, ఏమైంది, ముఖం అలా ఉంది?" "ఏం లేదండీ." అద్దాల బీరువాలో అతని ముఖం వరసగా కనిపిస్తోంది, ఫ్రేముకొకటి, అన్నీ తేలు కుట్టిన దొంగ ముఖాలే. లోపల చక్రం చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులో ఆమెకి ఫోను మోగినా వినపడదు, అందుకే ఫోను అతను ఎత్తుతాడు. పనిలో చేరినరోజే అందరినీ నిలబెట్టి చెప్పింది కదా, నాకోసం ఎవరు అడిగినా అలాంటి మనిషి ఇక్కడ లేదని చెప్పండి, స్నేహితురాలన్నా, చుట్టమన్నా, అలాగే చెప్పండి, అని. మొగుడెవడో వెంటపడుతున్నాడేమో అనుకున్నాడు అప్పుడు. ఏదో కథ ఉందని సరదా కూడా పడ్డాడు, సిగ్గులేకుండా.

కథ ముందు ఆమె చెప్పలేదు, వాళ్ళిల్లు చెప్పింది. ఆమె షాపులో మర్చిపోయిన టిఫిను డబ్బా ఇవ్వాలని ఒక సెలవురోజు వెళ్ళాడు, సాకు కాకపోతే మర్నాడు షాపులో ఇవ్వలేడా, గుమ్మం ముందు నిలబడి తలుపు మీద దరువేశాడు, హుషారుగా, పాట కొట్టినట్టు. లోపల అప్పటిదాకా వినిపిస్తున్న మాటలు ఆగిపోయాయి. గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఎవరో నములుతున్నది కూడా ఆపేసినట్టు అనిపించింది, అంత నిశ్శబ్దం. చాలాసేపటికి కిటికీ రెక్క గోరంత తెరుచుకుంది, ఆమె కన్ను కనిపించింది. "నువ్వా, ఇంకెప్పుడూ అలా కొట్టకు, వెనక నుంచి రా." ముందు గదిలో దీపం వెయ్యరట, అమ్మ కిటికీ పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే నడుం వంచి వెళ్తుంది, అలవాటైపోయి కిటికీ లేనిచోట కూడా వంగే నడుస్తోంది. నాన్న అన్నం ముందు బూట్లు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎక్కడికైనా బయల్దేరుతున్నారా అండీ, అని అడిగాడు ఈ తెలివైనవాడు.  నాన్న మెల్లిగా, "ఎప్పుడు వెళ్ళాల్సొస్తుందో తెలియదు కదా బాబూ" అన్నాడు. అమ్మ మాత్రం అవసరమైన దానికంటే ఎక్కువ నవ్వింది, వచ్చింది తాము భయపడుతున్న వాళ్ళు కాదన్న సంతోషంతో. మనిషిని చూసి అంత సంతోషపడటం అతను ఎక్కడా చూడలేదు, తనని చూసి కాదు ఆ సంతోషం, తను వేరేవాళ్ళు కాకపోవడాన్ని చూసి. మర్నాడు షాపు వెనక మెట్ల మీద డబ్బాలో అన్నం తింటూ ఆమే చెప్పింది. "అన్న సరుకులు తోలే వ్యాను కొన్నాడు. దానికో అప్పు. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. వ్యాను వాళ్ళు లాక్కుపోయారు, అప్పు మాత్రం మాకు వదిలేశారు. అన్న ఎక్కడున్నాడో తెలియదు. సంతకం అన్న పెట్టాడు, నాన్న పక్కన నిలబడ్డాడు, అమ్మ టీలు ఇచ్చింది, నేను ఇంట్లో ఉన్నాను. అదీ నా అప్పు."

ఇంకా చెప్పింది. అప్పు వసూలుకొచ్చేవాళ్ళు అరవరు. అరిస్తే బాగుండేది అంది. కట్టుడు పళ్ళు చేసేచోట పనిచేస్తున్నప్పుడు వచ్చారట, బాగా బట్టలు వేసుకుని, సెంటు రాసుకుని, కస్టమర్లు కూర్చునే కుర్చీల్లో కూర్చున్నారట, పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ నవ్వుతూ చెప్పారట. మంచి అమ్మాయేనండీ, ఇంట్లోవాళ్ళే కాస్త, ఏం చేస్తాం, అని. అంతే, ఇంకొక్క మాట లేదు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడు ఓనరు పిలిచి, నీ తప్పేం లేదమ్మా, కానీ, అన్నాడు. ఆ తర్వాత గడియారాల షాపులోనూ అదే, నీ తప్పేం లేదమ్మా, కానీ. అందుకే ఆమె సంచీ ఎప్పుడూ సర్దే ఉంటుంది, వెనక గదిలో, గేటుకి వెళ్ళే తలుపు పక్క మేకుకి తగిలించి, కప్పు, దువ్వెన, పాత చెప్పులు, అన్నీ అందులోనే, షెల్ఫులో ఆమెది అన్న వస్తువు ఒక్కటి కనపడదు. అప్పుడైనా అతను చెప్పాల్సింది. నువ్వంటే నాకు, అని మొదలుపెట్టాడు కూడా. నోటికి వచ్చిన ప్రతి మాటా ఎక్కడో అక్కడ ఎవరికో చెప్పేసిందే, నీ కళ్ళు అన్నది చెప్పేశాడు, నీ నవ్వు అన్నది చెప్పేశాడు, నువ్వు లేకపోతే అన్నది కూడా చెప్పేశాడు, పండ్ల బండి ఆవిడకి, ధర తగ్గించడానికి. ఎంగిలి మాటలు తప్ప ఒక్కటి మిగల్లేదు. "నీ చేతులు నానిపోయాయి" అన్నాడు చివరికి, రోజంతా నీళ్ళలో ఉండి వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆమె చేతులు చూసుకుని, "ఈ మాట ఎక్కడా వాడలేదనుకుంటా" అంది. ఆమెకి తెలుసు. అన్నీ తెలుసు ఆమెకి.

అంతా తెలిసిన మనిషికే ఈ ద్రోహం చేశాడు. కావాలని చేశాడా. ఈ ప్రశ్న ఎక్కణ్ణించి ఊడిపడింది. కొమ్ము బిగిస్తున్న స్క్రూ జారి కింద పడింది, వంగి వెతుకుతూ బల్ల కింద చీకట్లో అక్కడే కాసేపు ఉండిపోయాడు. ఆ ఇంటి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఒక ఆలోచన వచ్చిన మాట నిజం కాదూ. ఈ పిల్లని చేసుకుంటే ఆ గడప కూడా నాదే కదా, నేనూ బూట్లు వేసుకునే అన్నం తినాలి కదా, అని. అడుసు తొక్కనేల కాలు కడగనేల, అని ఇంకో ఆలోచన దాని వెనకే. రెండింటినీ తరిమేశాడు, తరిమేశాననుకున్నాడు, అవి ఎక్కడికీ పోలేదేమో, ఫోను మోగినప్పుడు అవే లేచి మాట్లాడాయేమో, ఆమె వెళ్ళిపోతే నీకు హాయి అని లోపల ఎవడో పిరికివాడు గేటు తాళం వాళ్ళ చేతిలో పెట్టాడేమో. కాదు. కాదు, గర్వపడి చెప్పాడు, ఆమె చేతి పనిని చూసి గర్వపడి. ఏదైతేనేం, చెప్పాడు. పాము తెలిసి కరిచినా తెలియక కరిచినా విషం ఒక్కటే. ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. చెబితే ఆమె ముఖం ఎలా మారుతుందో. చెప్పకపోతే. చెప్పకుండా, ఈవేళ ముందు గుమ్మం నుంచి వెళ్దాం పద, నీతో మాట్లాడాలి, అని తీసుకెళ్ళిపోతే. వాళ్ళు వెనక గేటు దగ్గర పడిగాపులు పడతారు, ఈవేళ గడుస్తుంది, ఆమెకి తెలియనే తెలియదు. ఎంత తియ్యగా వచ్చింది ఆలోచన. తేనెసీసా ఆలోచన.

స్క్రూ దొరికింది. తల పైకెత్తేసరికి పెద్దాయన పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. మంచి బట్టలు, శ్రద్ధగా దువ్విన జుట్టు, ఏదో ఫ్రేము తీసి పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. "ఇది నాకు నప్పిందాండీ?" అంది. భుజాల్లోంచి వచ్చిన నవ్వు.  "ఫోనులో మాట్లాడింది మీరే కదూ. ఎంత బాగా మాట్లాడారో. మాకు అలాంటివాళ్ళే కావాలి, ఉద్యోగం మారాలనుకుంటే చెప్పండి." ఎగతాళి కాదు, మెచ్చుకునే అంది, సాటి పనివాణ్ణి మెచ్చుకున్నట్టు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని విన్నాడు గానీ, ఆ తల తనదని ఇవాళే తెలిసింది. "ఆ అమ్మాయి తొందరలో మమ్మల్ని చూసుకోకుండా వెళ్ళిపోతుందేమోనని మా తమ్ముడు వెనక నిలబడ్డాడు లెండి, కంగారేం లేదు, మూసేదాకా కూర్చుంటాను" అని, ఆ వెంటనే పెద్దాయన వైపు తిరిగి, "ఇక్కడ లోపల పనిచేసే అమ్మాయి ఉంది చూడండీ, మంచి అమ్మాయేనండీ" అని మొదలుపెట్టింది. ముందు ఆవిడ, వెనక తమ్ముడు. తియ్యటి ఆలోచన పుట్టిన చోటే చచ్చింది. అటు ఓనరు షట్టరు దించే కొక్కెం కర్ర చేతిలోకి తీసుకుని గుమ్మం వైపు నడుస్తున్నాడు, వెలుతురు తగ్గి బీరువా అద్దాలన్నీ నల్లబడుతున్నాయి. తేనెసీసా స్క్రూ బిగించి, అద్దాలు పెద్దాయనకి అందించి లేచాడు. కాళ్ళు లేచాయి, అతను కాదు. వెనక గది తలుపు దాకా ఎన్నిసార్లు వెళ్ళాడో, ఏదో ఒక జోకు పట్టుకుని, ఎప్పుడూ ఖాళీ చేతులతో వెళ్ళలేదు.

చక్రం స్విచ్చి తనే ఆపేశాడు. ఇంతవరకూ ఆమె తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"అద్దం ఉంది దాని మీద" అంది ఆమె.

"వాళ్ళొచ్చారు. నేనే చెప్పాను."

చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, మెల్లిగా, ఆగడానికి తన టైము తీసుకుంటూ. ఆమె అది ఆగేదాకా చూసింది.

"ఎవరడిగారు?"

"ఒకావిడ. ఫోనులో. వాళ్ళమ్మకి అద్దాలంది."

"నవ్విందా?"

"నవ్వింది."

"నువ్వూ నవ్వావా?"

"నేనే ముందు నవ్వాను."

"వెనక గేటు?"

"అదీ చెప్పాను."

ఆమె తువ్వాలు తీసుకుని వేలు తర్వాత వేలు తుడుచుకుంది. తిట్టదేం. తిడితే బాగుండు, అరిస్తే బాగుండు, ఆమె ఆ సెంటు మనుషుల గురించి అన్నమాట ఇప్పుడు తనకే వచ్చింది. ముఖంలో కోపం కూడా లేదు, అలిసిపోయిన కొలత ఒకటి ఉంది, ఇల్లు ఎంత దూరం, ఇంకో పని ఎంత దూరం, అని కొలుస్తున్నట్టు. చెయ్యి మేకు వైపు వెళ్ళింది, సంచీ వైపు, ఆ ఎడం చెయ్యి. అతని నోట్లోకి నూరు మాటలు వచ్చాయి, అన్నీ తియ్యనివే, అన్నీ మింగేశాడు.

"ఎక్కడికి పోతావు, ఇంకో షాపుకా? అక్కడా ఫోను దగ్గర నాలాంటి వెధవ ఒకడుంటాడు."

సంచీ మీద చెయ్యి ఆగింది. ఆమె అతని వైపు చూసింది, ఎడమ కంట్లోకి, కుడి కంట్లోకి, అతను అందరినీ చూసినట్టు. నవ్విందో లేదో చెప్పలేం, పెదవి ఒక పక్క కదిలింది. "ఈ మాట ఎక్కడా వాడలేదు నువ్వు" అంది. సంచీ మేకు మీదే ఉంది. తడి ఆప్రాను విప్పకుండానే, వెనక గేటు వైపు కాకుండా, అతన్ని దాటుకుని ముందు గదిలోకి నడిచింది. క్షమించిందా. అడిగే హక్కు ఎవడిచ్చాడు. వెనకాలే నడిచాడు, ఆమె ఆప్రాను అంచు నుంచి నేల మీద నీటి బొట్లు పడుతున్నాయి, వాటిని తొక్కకుండా నడిచాడు, ఎందుకో.

షట్టరు సగం దిగి ఉంది. ఓనరు కర్ర పట్టుకుని ఆ మంచి బట్టలావిడ చెప్పేది వింటూ తల ఊపుతున్నాడు. ఆ తల ఊపుడు తేనెసీసాకి తెలుసు. నీ తప్పేం లేదమ్మా, కానీ, దాని వెనకాలే వస్తుంది.

"అప్పు కాగితం తెచ్చారా?" అంది ఆమె ఆవిడతో. "నా సంతకం ఉంటే చూపించండి."

"అయ్యో, సంతకాల మాట ఎవరెత్తారమ్మా. నాలుగు మంచి మాటలు మాట్లాడుకుందామనే వచ్చాను."

"చూడండి మేడం, మీలాంటి మంచి మనసున్న..." తేనెసీసా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నువ్వు నోరు మూసుకో సీసా. కొలుస్తున్నాను."

మూసుకున్నాడు. ఆమె ఓనరు ఎదురుగా వెళ్ళి నిలబడింది, జానెడు దూరంలో.

"నా వైపు చూడండి సార్. అటు కాదు, నా కళ్ళలోకి. రేపు పొద్దున నేను పనిలోకి రావాలా వద్దా? నీ తప్పేం లేదమ్మా అనకండి, నా తప్పేం లేదని నాకు తెలుసు. రెండ్రోజులు చూద్దాం అనకండి. ఆవిడ ఇక్కడుండగానే, ఆవిడ వినేటట్టు చెప్పండి."

"షాపు మూసే వేళ ఇదంతా ఏమిటమ్మా..."

"మూయడం లేదు" అంది క్యాషు అక్క తన జాగాలోంచి. గల్లాపెట్టె తాళంచెవి తీసి కొంగున ముడి వేసుకుంటోంది. "ఆయన చెప్పేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వు అడుగు తల్లీ."

పెద్దాయన తన కొత్త కొమ్ము అద్దాలు పెట్టుకుని ఓనరు ముఖాన్ని పరీక్షగా చూస్తున్నాడు. మంచి బట్టలావిడ కుర్చీలో కదిలింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, పెట్టుకున్న ఫ్రేములాగే. వెనక గేటు దగ్గర తమ్ముడు ఇంకా నిలబడే ఉండి ఉంటాడు, నిలబడనీ. ఈ ఒక్క జవాబు మీద ఆమె కూడు ఉంది, ఆమెని రేపు చూడటం ఉంది, ఇంకా పుట్టని ఒక మాట ఉంది. తేనెసీసా వెళ్ళి ఓనరు చేతిలోంచి కొక్కెం కర్ర తీసుకున్నాడు, లాక్కోలేదు, తీసుకున్నాడు, సగం దిగిన షట్టరుని చప్పుడయ్యేలా పైదాకా తోశాడు. వీధి మొత్తం లోపలికి కనిపించింది, లోపల జరిగేది వీధికి కనిపించింది.

ఇక మాట దాటేయడానికి వీల్లేదు. ఫోన్ల ముందు కూర్చోబెట్టినవాళ్ళూ, షట్టర్లు దించేవాళ్ళూ, వినండి. సంతకం పెట్టినవాడి అప్పు కోసం సంతకం పెట్టినవాడి దగ్గరికే వెళ్ళండి. ఈ గుమ్మం దిగండి. మీరు, కర్ర చేతిలో లేని ఓనరుగారూ, తల ఊపకండి. నోరు తెరిచి చెప్పండి, రేపు ఆమె రావాలా వద్దా. ఇప్పుడు చెప్పండి.